అట్టేపెట్టిన సముద్రం

తెర మీద డౌన్‌లోడ్ గీత వెంట్రుకవాసి ముందుకు జరిగింది. జాగ్రత్తయ్య పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు, వెళ్ళి నోరు పుక్కిలించాడు, మళ్ళీ వచ్చి చూశాడు. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, బస్సు డిపోవాళ్ళు పెట్టింది. అక్కడ చిరిగిన సీట్లు కుట్టడం ఆయన ఉద్యోగం. కొత్త రెక్సిన్ చుట్ట వస్తే బీరువాలో పెట్టి తాళం వేసి, పాత ముక్కలతో అతుకులేసే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం వీడియో గేములు. ఆడటం అనుకునేరు. కాదు, కొనడం. ఆన్‌లైన్ దుకాణంలో ధర తగ్గించారంటే చాలు, కొనేసి, రిటైరయ్యాక తీరిగ్గా ఆడదామని అట్టేపెడతాడు. ఇప్పుడా దుకాణంవాళ్ళు, ఈ సాయంత్రంతో మూసేస్తున్నాం, ఎవరి ఆటలు వాళ్ళు దించుకోండి, ఆ తర్వాత మాకు సంబంధం లేదు అని చావుకబురు చల్లగా చెప్పారు. పాపం, అప్పట్నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు.

ఒక్కొక్కటే గేమ్ మెషీన్‌లోకి దించాడు. ప్రతిదానికీ రెండు కాపీలు తీశాడు. ఒకటి తన బట్టల బీరువాలో, ఇంకోటి చెల్లెలింట్లో, ఎందుకైనా మంచిదని. డిస్కులకి సీటు గుడ్డతో సంచులు కూడా కుట్టాడు. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత అన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి పుణ్యమా అని, అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే ఇష్టమైనదీ ఆఖరిరోజుకి మిగిలింది. అదొక సముద్రయానం ఆట. పడవేసుకుని దీవి నుంచి దీవికి పోతూ ఉండటమే, ఏళ్ళ తరబడి ఆడినా అయిపోదట. ముందే చూస్తే మజా పోతుందని ఆయన దాన్ని ఒక్కసారైనా తెరవలేదు.

"మిక్సీ వెయ్యకు. ఇస్త్రీపెట్టె పెట్టకు. ఫ్యూజు పోయిందంటే నా కొంప మునుగుతుంది," అన్నాడు చెప్పులేసుకుంటూ.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది భార్య.

"మెషీన్‌కి కాస్త దూరంగా పీల్చుకో."

డిపోలో బస్సు వెనక సీటు మీద బోర్లా పడుకుని, వంకర సూదితో కుడుతున్నాడన్నమాటే గానీ మనసంతా ఇంట్లోనే ఉంది. కుట్టు పక్కకి పోయింది, విప్పాడు, మళ్ళీ పోయింది. ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"గీత ఎంతవరకొచ్చింది?"

"సగం దాటి ఆగిపోయింది. కింద ఎర్రగా ఏదో రాసుంది. స్థలం చాలదట, ఏదైనా తీసెయ్యమంటోంది."

ఆయన సూది అక్కడే వదిలేసి లేచాడు. ఎన్నడూ సెలవడగని మనిషి వచ్చి, ఇంట్లో స్థలం చాలట్లేదు, వెళ్ళాలి అనేసరికి, ఫోర్‌మన్ చుట్టాలెవరో దిగారనుకుని వెంటనే పంపేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య మేడమీద ఆరిన బట్టలు తీస్తోంది. జాగ్రత్తయ్య మెషీన్ ముందు చతికిలబడ్డాడు. కాపీలు తీసినవాటిలో ఒకటి తీసెయ్యొచ్చు కదా అని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన అనుకోడు. తీరా ఆ కాపీ పనిచెయ్యకపోతే? వెతగ్గా వెతగ్గా చేపలు పట్టే ఆట ఒకటి కనబడింది. దేనితోనో ఊరికే వచ్చింది, ఊరికే వచ్చిందని కాపీ కూడా తియ్యలేదు. పోతే పోయిందని తీసేశాడు. గీత మళ్ళీ కదిలింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

భార్య కిందికొచ్చి, బట్టలు మంచమ్మీద పడేసి, అలవాటైన చేత్తో కంట్రోలర్ అందుకుంది. 

"ఏవండీ, నా చెరువేది?"

"నీ చెరువేమిటి?"

"చేపలది. మీరు డిపోకి వెళ్ళాక రోజూ ఆడుకుంటాను. ఒడ్డున ఇల్లు కట్టుకున్నాను. కుక్కని పెంచుతున్నాను. దానికి రోజూ ఓ చేప వెయ్యాలి, వెయ్యకపోతే మూతి ముడుచుకుంటుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే ముట్టుకోనిస్తారా? అరిగిపోతుందంటారు."

జాగ్రత్తయ్య మెషీన్‌లో వెతికి చూశాడు. ఆమె ఆడిన గుర్తులు మెషీన్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఆటని మళ్ళీ దించితే ఇల్లూ కుక్కా ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ పొద్దు వాలుతోంది. రెండూ ఒకేసారి పెడితే రెండూ అందవు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టే వ్యవధీ లేదు. సముద్రం ఇంకా కొంచెమే మిగిలింది.

విషయం చెప్పాడు. ఆమె కంట్రోలర్ కింద పెట్టింది. "మీదే కానివ్వండి. ఎన్నాళ్ళుగానో దాచుకున్నారు," అని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినబడలేదు. అవి విసిరేసినా ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆమెకి అక్కడో ఇల్లుంది, రోజూ వెళ్ళొచ్చే ఇల్లు. తన దీవుల్లో తనింకా కాలే పెట్టలేదు. ఆ మాట తట్టేసరికి తనమీద తనకే జాలేసింది, ఏడుపు కూడా వచ్చింది. ముక్కు తుడుచుకుని సముద్రాన్ని ఆపేశాడు. స్థలం కోసం, కాపీ ఉన్న ఆట ఒకటి కళ్ళు మూసుకుని తీసేసి, చెరువుని పెట్టాడు.

చెరువు దిగిన కాసేపటికే తెర మీద ధన్యవాదాలు, సెలవు అని రెండు మాటలు వచ్చాయి. చూస్తూండగానే దుకాణం మాయమైంది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"ఇదిగో, నీ కుక్క పిలుస్తోంది," అని కేకేశాడు.

ఆమె వచ్చి చూసి, "పిచ్చిముండ, ఆకలితో ఉంది," అంది. తర్వాత ఆయన మొహం చూసింది. ఏమీ అడక్కుండా రెండో కంట్రోలర్ తెచ్చి చేతిలో పెట్టింది.

ఆయన గేలం వేశాడు. చేప తగిలింది.

"లాగండి."

"ఉండు, ఇంకా పెద్దది పడుతుందేమో."

"ఏవండీ, ముందు దీన్ని లాగండి."

లాగాడు. బొటనవేలంత చేప. కుక్క గుటుక్కున మింగి తోకాడించింది. జాగ్రత్తయ్య నవ్వాడు, మళ్ళీ గేలం వేశాడు. ఆ పూట వంట ఆలస్యమైంది.

ముక్కాలుకి పైగా దిగి ఆగిపోయిన సముద్రం మాత్రం మెషీన్‌లో ఒక మూల అలాగే ఉంది. తెరుచుకోదు, ఎవరూ తీసెయ్యలేదు.