బాలింత పథ్యం

తూకం మిషను మీద అంకె ఈసారీ కదల్లేదు. నూట తొమ్మిది. పోయినసారీ అంతే. డయానా చెప్పులు విప్పింది, చెవి దుద్దులు తీసి సంచిలో వేసింది, ఊపిరి వదిలేసి నిలబడింది. ఏం చేసినా అంకె గోడకు దిగ్గొట్టిన మేకులా అక్కడే ఉంది.

"ఏం తీసుకుంటున్నారమ్మా?" అని అడిగింది డైటీషియను.

"మీరు చెప్పిందేనండీ. పొద్దున పౌడరు కలిపిన జావ, మధ్యాహ్నం పప్పుకట్టు, సాయంత్రం మళ్ళీ జావ."

"జావ ఎవరు కాస్తారు?"

"మా అమ్మండీ."

డైటీషియను పెన్ను పక్కన పెట్టింది. "ఆపరేషనైన మూడో వారంలో బరువు ఆగడం అందరికీ ఉండేదే. అందుకే పోయినసారి మిమ్మల్ని ఏమీ అనలేదు. ఇప్పుడు రెండు నెలలు దాటింది. మీరు తొంభైకి దిగితే గానీ కిడ్నీ డాక్టరుగారు మిమ్మల్ని టేబులు ఎక్కించరు. మీ తమ్ముడికి అంత టైము లేదని మీకూ తెలుసు గదా?"

తెలుసు. ఆ తమ్ముడు యేసుకుమార్ బయట బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే చేతి నరం రెండుసార్లు మూసుకుపోయింది. ఇప్పుడు మెడ పక్కన పెట్టిన గొట్టమే దిక్కు, అదీ ఎంతోకాలం పనిచేయదన్నారు. తల్లి శౌరమ్మకు షుగరు, ఆమె కిడ్నీ పనికిరాదు. టెస్టులన్నీ కలిసింది అక్కకి ఒక్కదానికే. కానీ అంత భారీ మనిషిని కోసి కిడ్నీ తీయడం ప్రమాదమన్నారు. అందుకని ముందు ఆమె పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టారు.

"ఎంతక్కా?" అన్నాడు యేసుకుమార్.

"దిగుతుందిలేరా. మెల్లగా."

"మెల్లగా అంటే? మన మైలవరం బస్సులాగానా?"

"దానికన్నా కాస్త నయమే."

అతను నవ్వాడు. పగిలిన పెదాలు సాగి నొప్పిపుట్టినట్టుంది, మధ్యలోనే ఆపేశాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, మూతెడు నీళ్ళతో నోరు తడుపుకుని, మళ్ళీ మూత బిగించాడు. రోజుకు అతని వాటా నీళ్ళు ఆ సీసాలోనే ఉంటాయి.

ఆపరేషన్‌కి ముందు సర్జను డయానాతో ధీమాగా చెప్పాడు: ఆకలి పుట్టించే భాగమే తీసేస్తున్నాం, కొన్ని నెలలదాకా మీకు ఆకలన్నదే తెలియదు అని. ఎవరికి తెలియకుండా పోయిందో గానీ, డయానాకు మాత్రం మూడో రోజుకే తెలిసింది. అది పొట్టలో ఉండే ఆకలి కాదు. పొట్ట నాలుగు గుక్కలకే బిగదీసుకుపోయేది. ఇది నోట్లో ఉండేది, ముక్కులో ఉండేది. పక్కింటి రాజ్యలక్ష్మిగారు చింతచిగురు వేసి చేపల పులుసు పెడితే డయానా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చేది. పెళ్ళయిన రెండేళ్ళకు మొగుడు వదిలేసి పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. అప్పుడైతే కనీసం అన్నం తిని ఏడ్చింది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునే శౌరమ్మ కూతురి పథ్యం తన చేతుల్లోకి తీసుకుంది. డైటీషియను ఇచ్చిన కాగితం గోడకు అంటించింది గానీ, పొట్ట కోసిన ఆడదానికి ఏం చెయ్యాలో ఆమెకు ఆస్పత్రివాళ్ళు చెప్పాలా? వీధిలో సగం కాన్పులు ఆవిడ చేతుల మీదుగా జరిగినవే. కూతురి చెవుల్లో దూది పెట్టింది. కుట్లకు తగలకుండా నడుముకి మెత్తటి పాత చీర చుట్టింది. సాంబ్రాణి పొగ వేసింది.

"అమ్మా, నేనేం కన్నానని ఇవన్నీ?"

"నీకెటూ కాన్పు రాసిపెట్టి లేదు. ఇదే నీ కాన్పనుకో. నోరు మూసుకుని పడుకో పాపా."

డయానా నోరు మూసుకుని పడుకుంది. నలభై ఏళ్ళు దాటిన మనిషికి, ఒక బిడ్డనూ కనని మనిషికి, బాలింతకు చేసినట్టు తల్లి ఒళ్ళు తుడిచి దుప్పటి కప్పుతుంటే వద్దనడానికి నోరు రాలేదు.

ఇలా రెండు నెలలు గడిచాక ఆస్పత్రిలో నూట తొమ్మిది చూసి వచ్చిన మర్నాడు, డయానా ఎన్నడూ లేనిది పొద్దున్నే లేచి వంటగదిలోకి వెళ్ళింది. శౌరమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. గిన్నెలో జావ ఉడుకుతోంది. అందులో ఆస్పత్రి పౌడరు ఒక చెంచా వేసింది. తరవాత బాలింతలకు పెట్టే కాయం తీసి, ఉసిరికాయంత ఉండ, బెల్లం నేతిలో శొంఠి మిరియాలు దంచి ఉడికించినది, జావలో వేసి కలిపింది. ఆపైన గరిటెడు నెయ్యి. మళ్ళీ చిక్కటి బెల్లం పాకం. చేతులు ఎక్కడా తడబడలేదు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

శౌరమ్మ ఉలిక్కిపడలేదు. గరిట మాత్రం ఆపింది.

"కోసినచోట మాననివ్వాలా వద్దా? ఒంట్లో వేడి పుట్టాలి, బలం రావాలి."

"ఆ మాట మొదటి వారంలో చెబితే నమ్మేదాన్ని. బరువు తగ్గకపోతే కిడ్నీ తియ్యరని డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు గదా."

"ఉన్నా."

"మరి తెలిసీ వేస్తున్నావా?"

"తెలిసే." స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "మీ నాన్న ఈ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. మీ బాబాయీ పోయాడు. మన వీధిలో ఎన్ని ఇళ్ళల్లో మగదిక్కు లేదో నువ్వే చెప్పు. వాళ్ళ కిడ్నీలు తినేసిన నీళ్ళే నువ్వూ తాగావు."

"నావి రెండూ బాగున్నాయని టెస్టుల్లో చెప్పారుగా!"

"ఇవాళ బాగున్నాయి. వాడివీ పెళ్ళిచూపులకెళ్ళేనాటికి బాగానే ఉన్నాయి. ఒకటి వాడికిచ్చి, ఉన్నదొక్కటీ రేపు పాడైతే నీకెవరిస్తారే? నేనివ్వగలనా? నాకున్నది ఇద్దరు. వాడెటూ..." ఆ మాట నోట్లోనే నొక్కేసుకుంది.

"అనమ్మా. వాడెటూ ఏంటో అను."

"అనను. అంటే నా నాలిక పడిపోద్ది."

"వాడు నీ కొడుకమ్మా."

"నువ్వెవరివే మరి? దారిన పోయేదానివా?" శౌరమ్మ అరిచింది. "అయినా నన్నొక్కదాన్నే నిలదీస్తావేంటి? నెయ్యి వాసన తెలీని ముక్కా నీది? బెల్లం తెలీని నోరా? మొదటిరోజే గ్లాసు అడుగున వేలు పెట్టి నాకావు. నేను గుమ్మంలోంచి చూశా. రెండు నెలలూ అడిగావా ఒక్కసారైనా, ఇందులో ఏం కలుపుతున్నావే అమ్మా అని?"

డయానాకు తెలుసు. గ్లాసు ముట్టుకోకముందే తెలిసేది. నాలుగు గుక్కలు తాగి, కాసేపు ఆగి, మళ్ళీ నాలుగు గుక్కలు. గుండె దడదడలాడేది, చెమటలు పట్టేవి, అయినా గ్లాసు వదిలేది కాదు. ఘనపదార్థం కాదు గదా, ఆస్పత్రివాళ్ళు తాగమన్న జావే గదా అని తనకు తానే చెప్పుకునేది. అలా తాగుతున్నప్పుడు ఒక్కనాడైనా తమ్ముడు గుర్తు రాలేదు.

ఆ పూటే నాలుగు చీరలు సర్దుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కింది.

యేసుకుమార్ ఉండేది థర్మల్ ప్లాంటు చిమ్నీలు కనబడే వీధిలో, ఒక్క గది ఇంట్లో. జబ్బు చేయకముందు అక్కడే కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. అక్కను చూసి సంతోషపడ్డాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతని ముందు నీళ్ళ సీసా, ఆమె ముందు చిన్న కప్పుడు పప్పుకట్టు. అతనికి దాహం, ఆమెకు ఆకలి. ఒకరు మింగుతుంటే రెండోవాళ్ళ చూపు గొంతు మీదికి పోతోంది.

"అందరికీ తగ్గేది నీకెందుకు తగ్గట్లేదక్కా? నిన్న ఆస్పత్రిలో డైటీషియనమ్మ నన్ను పక్కకి పిలిచింది. మీ అక్క ఇంట్లో ఏదో తింటోంది, కనుక్కోమంది."

డయానా కప్పు కింద పెట్టింది. అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. శౌరమ్మ, చేతిలో ఫ్లాస్కు. వెనక బస్సుకే వచ్చినట్టుంది. గుమ్మం దాటకుండా అక్కడే నిలబడిపోయింది. కొడుకు అడిగిన మాట ఆమె చెవిన పడింది.

డయానా తల్లి మొహంలోకి చూసింది. అమ్మే కలిపిందన్న ఒక్క మాట చాలు. ఆ మాట విన్నాక తమ్ముడు ఎన్నాళ్ళు బతికినా దానితోనే బతకాలి, పోయినా దానితోనే పోవాలి.

"నేనేరా," అంది. "బెల్లం, నెయ్యి. జావలో కలుపుకుని తాగాను. అమ్మకు తెలీకుండా."

యేసుకుమార్ నీళ్ళ సీసా మూత బిగించాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ."

"అక్కడ డయాలసిస్ మంచం మీద పడుకుని, అక్క నాకోసం కడుపు మాడ్చుకుంటోందని పక్క మంచాలవాళ్ళందరికీ చెప్పానే నేను. గొప్పగా చెప్పానక్కా." గొట్టం పెట్టిన మెడ తిప్పలేక ఒళ్ళంతా గోడవైపు తిప్పుకున్నాడు. "బాగుందా?"

"ఏంటి?"

"ఆ జావ. బాగుందా అని."

డయానా అబద్ధం చెప్పలేకపోయింది. "బాగుందిరా."

శౌరమ్మ పెదవులు కదిలాయి. చెబుతుందనుకుంది డయానా. చెప్పాలనీ అనుకుంది, చెప్పకూడదనీ అనుకుంది. శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫ్లాస్కు గుమ్మం అవతల దింపింది.

"అది తీసుకుపో అమ్మా," అంది డయానా. "నేనిక్కడే ఉంటా. మళ్ళీ తూకానికెళ్ళేదాకా ఇటు రావద్దు."

"అమ్మనెందుకు పొమ్మంటావు? అమ్మేం చేసింది?" అన్నాడు యేసుకుమార్ గోడవైపు నుంచే.

శౌరమ్మ వంగి ఫ్లాస్కు తీసుకుని, వీధి గోడ పట్టుకుని నడిచింది. మూత సరిగ్గా పడలేదేమో, శొంఠి, నెయ్యి, కాగిన బెల్లం కలిసిన వాసన గదిలో మిగిలిపోయింది. డయానా నోరు నిండా నీళ్ళూరాయి. మలుపు దాకా వెళ్ళిన తల్లిని వెనక్కి పిలవాలనిపించింది. పిలవాలనిపించింది తల్లి కోసం కాదు. అది తనకు తెలిసి, తలుపుకి లోపల తాళం వేసి, తమ్ముడి చేతికి తాళంచెవి ఇచ్చింది.

అతను తీసుకున్నాడు. థాంక్స్ అనలేదు.