గాలి తగలని గది

సముద్రం ఒడ్డున, చలిగాలికి పళ్లు టకటకలాడే చోట లాడ్జి నడిపే పెద్దమనిషికి కోతలరాయుడన్న పేరు ఊరికే రాలేదు. బస్సు దిగిన ప్రయాణికుడు సంచి కింద పెట్టకముందే కోతలు మొదలుపెట్టేవాడు.

"దోమలా? ఇక్కడ దోమ రెక్క విప్పిందంటే అవతలి ఒడ్డున తేలుతుందండీ! పోయినేడు ఒకటొచ్చింది. పాపం, చలికి ఆగలేక నా దుప్పట్లో దూరి, తెల్లారాక దణ్ణం పెట్టి మరీ వెళ్లింది."

ప్రయాణికులు నవ్వుతూ దోమతెర సంగతి మరిచిపోయేవారు. అడిగినా ఇవ్వడానికి లాడ్జిలో తెరలే లేవు.

ముప్పై ఏళ్లలో మొదటిసారి అక్క వచ్చింది, బావను వెంటబెట్టుకుని, రెండు వారాలుందామని. అక్క ఉబ్బసం మనిషి, చల్లగాలి పడదు. అందుకని ఏరికోరి వెనక గది ఇచ్చాడు. దానికి గాలి తగలదు. గోడవతలే నీళ్లు కాచే పొయ్యి. ఆ పక్కనున్న నీళ్ల పీపాల మీద సాయంత్రమైతే దోమలు ముసురుతాయని అతనికి తెలుసు. కానీ బజారుకెళ్లి తెర కొంటే నలుగురూ ఏమనుకుంటారు?

"ఒరేయ్, చెవి దగ్గర ఏదో జుమ్మంటోందిరా," అంది అక్క.

"సముద్రం హోరే అక్కా. నీకు కొత్త కదా!"

పన్నెండో రోజు అక్కకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "దోమలేమైనా కుట్టాయా?"

అతను నోరు తెరిచేలోపే అక్క నీరసంగా నవ్వింది. "మా తమ్ముడి లాడ్జిలో దోమలేంటమ్మా?"

డాక్టరమ్మ అతని వైపు చూసింది. పలకరించడానికొచ్చిన లాడ్జి ప్రయాణికులిద్దరు వెనకే నిలబడి ఉన్నారు. అతను అక్క మాట నిజమేనన్నట్టు తలూపాడు. చల్లగాలి పడక వచ్చిన జ్వరమని మందు రాశారు.

జ్వరం వచ్చిన మూడో రోజుకి అక్క మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. అప్పుడు అతను పరుగెత్తుకెళ్లి డాక్టరమ్మకు ఉన్నదంతా చెప్పాడు. రక్తం తీశారు, మలేరియా అని తేలి మందు మార్చారు. ఐదో రోజు మధ్యాహ్నం అక్క పోయింది.

బావ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "నీకు ముందే తెలుసటగా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి కోతేదీ తట్టలేదు. "తెలుసు బావా. ఆ గదిలో ఉన్నాయి."

బావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మీ అక్క చేతుల మీద దద్దుర్లు చూసి, ఇవి దోమకాట్లేనే అన్నాను. మా తమ్ముణ్ణి అబద్ధాలకోరంటావా అని నామీద గయ్యిమంది. జ్వరం వచ్చేదాకా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకెన్నో రోజులు లేవని తెలిస్తే, నేనే తగ్గి పలకరించేవాణ్ణి."