మూడు గరిటెల పాకం

పిల్గూ మేస్త్రీ మాల్సున్‌ను జుట్టు పట్టి నేల మీదికి ఈడ్చాడు. మరుగుదొడ్డి తాళంచెవి అతని మెడలోనే వేలాడుతోంది. యాభై రెండేళ్ల మాల్సున్ పొద్దుటినుంచీ నాలుగుసార్లు అడిగింది, ఇవ్వలేదు. చివరికి చేపల బల్ల దగ్గరే బట్టలు పాడుచేసుకుంది. వందమంది ఆడవాళ్ల ముందు ఆమె చేతే నేల కడిగించాడు.

తొట్టి దగ్గర పాకం కలిపే ఓక్బున్‌కు ప్రాణం చచ్చినంత పనయింది. మాల్సున్‌కి ఆ కడుపు జారుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

సామ్‌చొన్‌పో రేవులోని ఈ కంపెనీలో పల్చగా కోసిన చేప రేకుల్ని పాకంలో నానబెట్టి ఎండబెడతారు. ఎండినా బిరుసెక్కకుండా తడి నిలవడానికి అందులో సార్బిటాల్ అనే తీపి ద్రవం కలుపుతారు. తొట్టికి ఒక గరిటె చాలు. పోయిన నెలనుంచీ యజమాని మూడు పొయ్యమన్నాడు. తడి నిలిచి బరువు పెరిగితే నీళ్లు కూడా చేప ధరకే అమ్ముకోవచ్చు కదా! ప్రతి వాయీ కాల్చి రుచి చూడాల్సింది మాత్రం మాల్సున్.

మధ్యాహ్నం అందరూ డాబా మీద ఆరబెట్టిన వలల మధ్య చేరారు.

"అది విషమే! ఆ సార్బిటాల్ పీపాలన్నీ సముద్రంలోకి దొర్లించేద్దాం," అని అరిచింది చేపల తోలు ఒలిచే గుమ్‌రాన్.

"విషం కాదే. మా పిల్లలూ తింటారు, రెండు రేకులకి ఏమీ కాదు. మోతాదు మించి రోజంతా తింటేనే కడుపు జారిపోతుంది." ఓక్బున్ మాల్సున్ వైపు తిరిగింది. "పోసింది నేనే అక్కా. నన్ను తిట్టు."

"నిన్ను తిడితే వాడికి పండగే," అంది మాల్సున్. "పొయ్యమన్నవాణ్ణి అడుగుదాం. గరిటె ఒకటే. తాళం తియ్యాలి. రెండే మాటలు."

మర్నాడు ఆ రెండు మాటలూ తేలేదాకా అని ఎవరూ కత్తి పట్టలేదు. తొట్లు ఖాళీగా ఉన్నాయి. పది గంటలకి రెండు లారీల్లో యజమాని పంపిన కిరాయి మూక దిగింది, చేతుల్లో ఇనప గొట్టాలు. బల్లలు తిరగబడ్డాయి. గుమ్‌రాన్ పళ్లు రాలాయి. ఓక్బున్ కుడి మణికట్టు పుటుక్కుమంది. మాల్సున్ మాత్రం నెత్తుట్లో జారుతూనే పిల్గూ ఎదుటికి వెళ్లి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వరా."

గొట్టం ఆమె తల మీద పడింది.

ఆస్పత్రికి కంపెనీ బండి అడిగితే పిల్గూ ఇవ్వలేదు. అప్పుడు ఆడవాళ్లకి తెగింపు వచ్చింది. మరుగుదొడ్డి తలుపుని తాళంతో సహా పెకిలించారు, అడ్డొచ్చిన మూకని దాంతోనే గుద్దుకుంటూ దారి చేసుకున్నారు, మాల్సున్‌ని దాని మీద పడుకోబెట్టి వీధికెక్కారు. చేపల అంగడి దాటకముందే ఆమె ఊపిరి ఆగిపోయింది. ఓక్బున్ ఏడుస్తూనే, "పోలీస్ స్టేషన్‌కి పదండి," అంది.

స్టేషన్ మెట్ల మీద అధికారి శవం వైపు కన్నెత్తి చూడలేదు.

"తలుపు కంపెనీ ఆస్తి. కింద పెట్టండి."

రేవు కూలీలు, పడవలవాళ్లు, అంగట్లో ఆడవాళ్లు అప్పటికే వెనక చేరారు. ఓక్బున్ విరిగిన చేతిని గుండెకి అదుముకుని, రెండో చేత్తో తలుపు అంచు పట్టుకుంది.

"పెడతాం సార్. కంపెనీ గేటు ముందే పెడతాం."

వీధి వీధంతా కంపెనీ వైపు తిరిగింది.