తప్పు ఆకాశం

నేను ఒక హార్డ్ డిస్కును. కుదురుగా ఉండలేని జాతి మాది. కరెంటు తగిలిందంటే చాలు, నా కడుపులోని పళ్లెం గిర్రున తిరుగుతుంది, దాని మీద సూదిలాంటి చెయ్యి ఒకటి అటూ ఇటూ పరుగులు పెడుతుంది. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నా వీపు మీద అచ్చేసి ఉంది గానీ, నాకు ఊహ తెలిసింది మాత్రం చిలకలూరిపేటలో, నూర్‌బాషా దస్తగిరి గారి వీడియో స్టూడియోలో.

ఆయన పెళ్లిళ్లు తీసేవారు. ఆయన దగ్గరున్నన్నాళ్లూ నా నిండా తలంబ్రాలు, నిఖాలు, భోజనాల బంతులు. మనుషులు ఒక్క రోజు పెళ్లిని ఏళ్ల తరబడి భద్రంగా దాచుకుంటారు, తీసి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

ఆయన కూతురు జరీనా హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, "ఆకాశం దాచుకోటానికి చోటు చాలట్లేదు నాన్నా" అంది. ఆయన పెళ్లిళ్లన్నీ వేరే డిస్కులోకి మార్చి, నన్ను ఖాళీ చేసి, చేతిరుమాలులో చుట్టి ఆమె సంచిలో పెట్టారు.

"దీనికి పని చెప్పమ్మా. ఊరికే ఉంటే పాడైపోద్ది" అన్నారు.

పని చెప్పింది. ఊపిరాడనంత పని!

రేడియో దూరదర్శిని మన కంటికి కనిపించే వెలుతురును చూడదు, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుంటుంది. విదేశంలో అలాంటిదొకటి జరీనా కోరిక మీద ఒక మసక గెలాక్సీ వైపు చూసి పంపిన చిత్రంలో, సరిగ్గా నడిమధ్యన, ఇంతవరకు ఎవరూ చెప్పని చుక్క ఒకటి మెరిసింది. నక్షత్రం కొత్తగా పేలి ఉండవచ్చు. ఆమె గురువు లలితాంబ మేడమ్ మొదట నమ్మలేదు, తర్వాత జరీనా కన్నా ఎక్కువ నమ్మారు. గురువారం సభ పెట్టి ప్రకటిద్దామని బెంగళూరు నుంచి పెద్ద శాస్త్రవేత్తలను పిలిచారు. దస్తగిరి గారు అంతదాకా ఆగలేదు, టీ కొట్టు దగ్గర ఎప్పుడో ప్రకటించేశారు.

ఒక్క పరీక్ష మిగిలింది. చుక్క నిజంగా కొత్తదైతే పాత చిత్రాల్లో ఉండకూడదు. ఆ దూరదర్శిని ఇన్నేళ్లుగా చూసిందంతా ఒక భాండాగారంలో ఉంటుంది, ఎవరైనా అడిగి తెచ్చుకోవచ్చు. అడగడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, ఎవరో రాసి అందరి కోసం వదిలిపెట్టిన ప్రోగ్రాముల మూట. ఆకాశంలో ఫలానా చోటు, ఇంత వెడల్పు, ఫలానా కాలానికి ముందు అని నాలుగు వరుసలు రాస్తే, ఉన్నవాటి పట్టిక వస్తుంది. కావలసింది ఎంచుకుంటే దిగుమతి మొదలవుతుంది.

మొదలైంది, ఆగింది. మళ్లీ మొదలైంది. నెట్ పోయేది, కరెంటు పోయేది, సగం దిగిన ఫైలు నా పళ్లెం మీద తెగిన దారంలా వేలాడేది. జరీనా గదిలో నిలవలేక గుమ్మం దాకా వెళ్లి వచ్చేది, వేళ్లతో బల్ల మీద టకటక కొట్టేది. బల్ల అదురుకు నా గుండె జారిపోయేది.

చివరికి అంతా దిగింది. చిత్రం తయారైంది. నడిమధ్యన చుక్క ఉంది!

"అయితే కొత్తది కాదు" అని కూలబడింది జరీనా. కాసేపటికి మళ్లీ తెర దగ్గరికి ముఖం జరిపింది. చుక్క అదే, చుట్టూ ఉన్న గెలాక్సీలు మాత్రం వేరు. తను రాసిన వరుసలు తిరగేసింది. ఆకాశంలో చోటును గంటల్లోనూ చెప్పవచ్చు, డిగ్రీల్లోనూ చెప్పవచ్చు. ఒక గంటంటే పదిహేను డిగ్రీలు. ఆమె గంటల అంకె ఇచ్చి, అవి గంటలని చెప్పడం మరిచింది. లైబ్రరీ డిగ్రీలనుకుని, ఎక్కడిదో వేరే ఆకాశాన్ని తెచ్చి ఇచ్చింది.

తప్పు దిద్ది మళ్లీ అడిగింది. ఈసారి సరైన చోటుదే పాత చిత్రం దిగింది. అందులో చుక్క లేదు. సభకు కావలసింది సరిగ్గా అదే.

కానీ ఆమె సంతోషించలేదు. చుక్క ఉన్న రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత నన్ను పట్టుకుని మేడమ్ గదికి వెళ్లింది.

అంతా విని, "సరైన పాత చిత్రంలో లేదు కదా?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్."

"మరింకేం?"

"సంబంధం లేని ఆకాశంలో ఉంది మేడమ్. అదీ నడిమధ్యనే. చుక్క ఆకాశంలో లేదు, యంత్రంలో ఉంది. అప్పుడప్పుడు వస్తున్నట్టుంది."

మేడమ్ కిటికీ వైపు తిరిగారు. "ఆ తప్పు చోటు చిత్రం గురించి నిన్నెవరూ అడగరు జరీనా."

జరీనా నన్ను మేడమ్ బల్ల మీద పెట్టింది. "అడగరు మేడమ్" అంది.

మేడమ్ ఇటు తిరిగారు. ముఖం ఎర్రబడింది. "ఛీ, ఏం మాట అన్నాను" అని, బెంగళూరుకు తానే ఫోన్ చేసి సభ రద్దని చెప్పారు. దూరదర్శిని వాళ్లకు ఇద్దరూ కలిసి రాశారు. వాళ్లు వెతికితే లోపం దొరికింది. ఎందరివో పరిశోధనల్లో అలాంటి చుక్కలు రాలిపోయాయి. జరీనా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాలిపోయింది, దాంతో చదువు ఇంకో ఏడాది సాగింది.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు ఆమెకు కష్టమనిపించింది తండ్రికి ఫోన్ చేయడం.

"నాన్నా, అది నక్షత్రం కాదు. లెన్సు మీద మచ్చ లాంటిది."

"గురువారం బస్సుకి టికెట్ తీశా గదమ్మా. సభ లేకపోతే మాత్రం ఏంది, వస్తా."

వచ్చారు. టీ కొట్టు వాళ్లకేం చెప్పారో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. కుర్చీ లాక్కుని, "అది లేని ఫొటో చూపించు" అన్నారు.

జరీనా నన్ను తగిలించింది. పళ్లెం తిరిగింది. సరైన చోటుది, పాత చిత్రం తెర మీదికి వచ్చింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఫొటోలు చూడటం తెలిసిన మనిషిలా, మూలమూలా వెతికారు.

"బాగా వచ్చిందమ్మా" అన్నారు. "ఎక్కడా మచ్చ లేదు."