కొసరు పరీక్ష

వరంగల్ చౌరస్తా దగ్గర పప్పుల దుకాణం నడిపే వీరభద్రం బేరమాడకుండా కొన్నది జీవితంలో ఒక్కటే, రైలు టికెట్టు. అది కూడా అమ్మే మనిషి అద్దం వెనక కూర్చుని మాట వినిపించుకోడు గనక. యాభై దాటినా ఆయనకు బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నాయేమోనని చూపించుకున్న పాపాన పోలేదు. ఒంట్లో బాగుంటే డాక్టరెందుకు, బాగాలేకపోతే రెండు రోజులు ఓపిక పడితే అదే పోతుంది అన్నది ఆయన వైద్యం. ఇంట్లో భార్య సుగుణకూ అదే వైద్యం నడిచేది.

ఇంతలో బెల్లం వ్యాపారి రాజేశ్వర్ రావు లారీ దించుతున్న హమాలీలను తిడుతూ తిడుతూ, మాట మధ్యలో ఆగిపోయి బస్తాల మీద ఒరిగిపోయాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. అందరికంటే పెద్ద గొంతు ఆయనది. ఆ గొంతు ఒక్కసారిగా ఆగిపోయేసరికి బజారు మొత్తం అదిరింది. సంతాప సభలో వర్తకుల సంఘం అధ్యక్షుడు కిషన్ రావు కళ్ళు తుడుచుకుని, నలభై దాటిన సభ్యులందరికీ సంఘం ఖర్చుతో గుండె పరీక్షల క్యాంపు పెట్టాలన్నాడు.

కోశాధికారి వీరభద్రం వెంటనే లేచాడు. "మంచిగున్నోళ్ల గుండె చూసుడేందన్నా? ఏం దొరకకపోతే పైసలు దండుగ. దొరికితే ఇంకా దండుగ."

"రాజేశ్వర్ గూడ మంచిగనే ఉండె కద తమ్మీ, మొన్నటిదాంక!" అన్నాడు కిషన్ రావు.

ఆ పక్కనే ఉన్న పూలదండ వేసిన ఫొటో చర్చకు అనుకూలంగా లేదు. క్యాంపు ఖాయమైంది.

ఖాయమయ్యాక మరి ఊరుకుంటాడా వీరభద్రం! పరీక్షలు చేసే ల్యాబు తరఫున వచ్చిన కిరణ్ అనే కుర్ర మేనేజరును గోదాములో కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా బేరమాడాడు. గోల్డ్ ప్యాకేజీలో డెబ్బైకి పైగా పరీక్షలున్నాయని కిరణ్ గర్వంగా చెబితే, "అన్ని పరీక్షలు చేసినంక మనిషి మిగులుతడా?" అని ధరను సగానికి దించాడు. కిరణ్ చెమట తుడుచుకుని సంతకం పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొసరేది?"

"కొసరేంది సార్, ఇది బ్లడ్ టెస్టు!"

"అయితే ఏంది? కిలో పెసర్లు కొంటే నేను గుప్పెడు కొసరు ఎయ్యనా? పది మందికి ఒకరు ఫ్రీ."

అలా సంఘానికి ఇద్దరి పరీక్షలు ఉచితంగా దక్కాయి. ఒకటి కిషన్ రావు తన బావమరిదికి ఇప్పించుకున్నాడు. రెండోది ఎవరికీ అక్కరలేకుండా మిగిలింది. ఊరికే వచ్చిన వస్తువు వృథా కావడం వీరభద్రం ప్రాణానికి పడదు. ఇంటికి వెళ్ళి సుగుణతో, ఆదివారం పొద్దున ఏమీ తినకుండా తనతో రమ్మన్నాడు.

"నాకేమైందని?" అంది సుగుణ.

"నీకేం కాలే. ఫ్రీ ఉన్నది, రా."

ఆదివారం సంఘం భవనంలో సభ్యులు ఒక్కొక్కరే చెయ్యి చాచి, కళ్ళు మూసుకుని, రక్తమిచ్చి, అక్కడి నుంచి నేరుగా వరండాలో మిర్చి బజ్జీల మీద పడ్డారు. అక్కడికక్కడే ఇచ్చే రిపోర్టులు చూసి మాట్లాడడానికి హన్మకొండ నుంచి వచ్చిన డాక్టర్ హెప్సిబా, నూనె తగ్గించండని ఎవరికి చెప్పినా వాళ్ళు నమలడం ఆపి, తలాడించి, మళ్ళీ నమిలారు. నలుగురైదుగురికి బీపీ ఎక్కువ చూపించింది. "మిషిన్ ఖరాబున్నది" అని వాళ్ళంతా ఏకగ్రీవంగా తీర్మానించారు. వీరభద్రం రిపోర్టులో మాత్రం ఒక్క తప్పు లేదు. దాన్ని ఆయన పదో తరగతి మార్కుల్లా అందరికీ చూపించాడు.

చివర్లో సుగుణ కూర్చుంది. నర్సు ఆమెకు బీపీ ఒకసారి చూసింది. రెండో చేతికి పట్టీ కట్టి మళ్ళీ చూసింది. వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తదా అమ్మా?" అని అడిగింది హెప్సిబా.

"వస్తది మేడం. మోకాళ్ల నొప్పులు కద."

"మోకాళ్లకు ఆయాసం రాదమ్మా. ఇంకేమన్న ఉన్నదా?"

సుగుణ దవడ తడిమి చూపించింది. "బరువు పని చేస్తే ఈ దవడ గుంజుతది. పిప్పి పన్ను నొప్పేమో అనుకున్న."

"ఏ పన్ను? చూపియ్యి."

"ఇప్పుడు లేదు మేడం. అయిదేండ్ల కిందనే పీకిచ్చుకున్న."

హెప్సిబా నవ్వలేదు. వరండాలోకి వెళ్ళి, చేతిలో బజ్జీ పట్టుకున్న వీరభద్రాన్ని పక్కకు పిలిచి, భార్యను ఇప్పుడే, ఈ పూటే పూర్తి పరీక్షలకు హన్మకొండలో తన దవాఖానకు తీసుకురావాలని చెప్పింది. ఆయన బజ్జీని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఈసీజీ తీశారు, గుండె స్కానింగు చేశారు, మర్నాడు ఇంకో స్కానింగు చేశారు. ఆ రెండు రోజులూ వీరభద్రం ఎక్కడా ధర అడగలేదు. బిల్లు కౌంటరులో కుర్రాడు చెప్పినంతా ఇచ్చేసి, చిల్లర కూడా లెక్కపెట్టుకోకుండా వచ్చాడు. అది చూసి సుగుణకు తన జబ్బు మీద మొదటిసారి భయం వేసింది.

మూడో రోజు హెప్సిబా ఫలితాలు ముందు పెట్టుకుని చెప్పింది. బీపీ, షుగరు ఎంతోకాలంగా ఉన్నాయి, ఎవరూ చూడలేదు. గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి సన్నబడింది, మూసుకుపోలేదు. రోజూ మందులు వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి.

"మరి ఆపరేషన్ ఎప్పుడు?" అన్నాడు వీరభద్రం.

"ఆపరేషన్ లేదు. మందులు సరిపోతయి."

"స్టెంటు ఎయ్యుండ్రి మేడం. ఫారిన్‌ది ఎయ్యుండ్రి."

"అవసరం లేదండి."

"పైసల ఫికర్ చెయ్యకుండ్రి. రెండు ఎయ్యుండ్రి!"

హెప్సిబా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అవసరం లేని స్టెంటు ఎందుకు? మీరు టైముకు వచ్చిండ్రు. ఇంకో ఏడాది ఆగి వస్తే గప్పుడు ఆపరేషన్ మాట మాట్లాడుకుంటుంటిమి."

కింద మందుల షాపులో నెలకు సరిపడా మాత్రలిచ్చి బిల్లు చెప్పారు. వీరభద్రం ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకున్నాడు. దుకాణంలో తాను నెలంతా తాగే చాయ్ ఖర్చు కూడా కాదది. ఇంత భయపెట్టిన జబ్బుకు ఇంత చవక మందా? ఇందులో ఏదో మోసముందని, ఇంతకంటే ఖరీదైనవి లేవా అని షాపువాడితో గొడవపడ్డాడు. జీవితంలో ధర పెంచమని ఆయన చేసిన బేరం అదొక్కటే. అది కూడా ఓడిపోయాడు.

ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగాడు, "ఎన్నొద్దుల సంది ఉన్నది ఈ నొప్పి?"

"ఏడాది అయితదేమో."

"ఏడాదా! నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరేమంటరు? ఏ నొప్పైనా గ్యాస్ అంటరు. జీలకర్ర నీళ్లు తాగమంటరు." సుగుణ బయటికి చూస్తూ అంది. "అవి నేనే తాగిన. మళ్ల మీతోని చెప్పిచ్చుకునుడెందుకని ఊకున్న."

వీరభద్రం నిజంగా అదే అనేవాడు. జీలకర్ర కూడా దుకాణం నుంచే తెచ్చిచ్చేవాడు. ఎదురుగాలి కళ్ళలో కొడుతోందని కర్చీఫు కోసం జేబులో చెయ్యి పెడితే, మూడు రోజుల నాటి బజ్జీ ముద్ద తగిలింది. ఆటో ఆపించి దాన్ని మోరీ కాలువలో పడేసి, ఆ వంకతో ముఖం తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

రెండు నెలలకు సంఘం సమావేశం జరిగింది. అప్పటికి రాజేశ్వర్ రావు చావు తెచ్చిన భయం అందరికీ తగ్గిపోయింది. ఏటా క్యాంపు పెట్టాలన్న వీరభద్రం ప్రతిపాదనకు ఈసారి అడ్డుపడింది మొదటి క్యాంపు పెట్టించిన కిషన్ రావే.

"అంతమందిని చూస్తే గుండె జబ్బు దొరికింది ఒక్కరికి. ఆ ఒక్కరు గూడ సంఘం మెంబర్ కాదు!"

"మా ఇంటామె అన్నా," అన్నాడు వీరభద్రం.

"మంచిదే తమ్మీ. గని ఆమెకు నిజంగ గుండెపోటు వస్తుండెనని గ్యారంటీ ఏంది? రాకపోతుండెనేమో!"

ఆ ప్రశ్న వీరభద్రమే వెయ్యవలసింది. రెండు నెలల కిందటైతే ఇంకా గట్టిగా వేసేవాడు.

"గ్యారంటీ లేదన్నా. వస్తుండెనో లేదో నాకెర్కలేదు, డాక్టరుకు గూడ ఎర్కలేదు. గని నీ గోదాముకు ఏటా ఇన్సూరెన్సు కడ్తవు కద. ఎన్నిసార్లు కాలింది?"

"ఒక్కసారి గూడ కాలలే."

"మరి దండుగైందని ఎప్పుడన్న ఏడ్సినవా?"

సభ నవ్వింది. కిషన్ రావు మాత్రం వదల్లేదు, భవనం సున్నానికే నిధులు లేవన్నాడు. వీరభద్రం అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. గోల్డ్ ప్యాకేజీలో చాలా పరీక్షలు కాగితం బరువుకే పనికొచ్చాయని, అందరికీ కావలసింది బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మూడేనని, వాటిలో తేడా ఉన్నవాళ్ళకే పెద్ద పరీక్షలు చాలని హెప్సిబా చెప్పింది. అలా చేస్తే పోయినసారి ఖర్చులో కొంత భాగంతోనే ఇంటి ఆడవాళ్ళకు కూడా చూడవచ్చు.

"ఆడోళ్లకెందుకు? వాళ్లకేమైతది?" అన్నాడెవరో వెనక నుంచి.

వీరభద్రం వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఆ గొంతు మళ్ళీ లేవలేదు. తీర్మానం నెగ్గింది. మిషిన్ ఖరాబుందన్నవాళ్ళలో ఇద్దరు సభ అయ్యాక మెల్లగా ఆయన దగ్గరికి వచ్చి హెప్సిబా ఫోన్ నంబరు అడిగారు.

సుగుణ బీపీ క్రమంగా అదుపులోకి వచ్చింది. పొద్దున్నే ఖిలా వరంగల్ కోట గోడ పక్కన నడిచి వస్తోంది. దవడ గుంజడం తగ్గింది. ఇల్లంతటికీ ఒకే కూర వండుతుంది కాబట్టి వీరభద్రం కూడా చప్పిడి తింటున్నాడు, జబ్బు లేకుండానే.

కాని ఆయన వేరేగా పాడయ్యాడు. ఒక బీపీ మిషిన్ కొని గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. కందిపప్పు కోసం వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టాకే పప్పు తూచేవాడు. ఒక ఆటో డ్రైవరుకు ఎక్కువుందని తేలితే దుకాణం వదిలి, వాడి ఆటోలోనే వాడిని బస్తీ దవాఖానకు తీసుకెళ్ళాడు. హోటళ్ళ వాళ్ళు పప్పు కోసం పక్క దుకాణానికి మళ్ళసాగారు.

ఒకరోజు సుగుణ దుకాణానికి వచ్చింది. ఒక పెద్దమనిషి పట్టీ కట్టిన చేత్తో స్టూలు మీద దిగాలుగా కూర్చున్నాడు, వెనక ముగ్గురు సంచులు పట్టుకుని నిలబడ్డారు. ఆమె పట్టీ విప్పి, ఆయనకు కిలో మినపప్పు తూచి ఇచ్చి పంపించింది.

"ఫస్టు పప్పు అమ్ముండ్రి," అంది భర్తతో. "బీపీ ఎవరన్న అడిగితే చూడుండ్రి."

"అడగరే సుగుణా! ఎవరూ అడగరు. అదే కద గోస."

సుగుణ గల్లా దగ్గర కూర్చుని, స్టూలును పక్కకు జరిపి, లైనులో ఉన్నవాళ్ళను రమ్మంది. "మీరు గా మూలకు కూర్చొని బీపీలు చూస్కోండ్రి. పప్పు నేను అమ్ముత."