శనివారం తెరవని దడి

హెయ్కా మాట్లాడటం మొదలుపెడితే దోమలు కూడా విసుగెత్తి పక్క ఊరికి పోతాయని సమ్మొల్ అంటుంటాడు. ఆ శనివారం కూడా హెయ్కా ఏటి ఒడ్డున చేపల పెట్టె మీదికెక్కి, టోపీ చేత్తో పట్టుకుని, "మనం నదిని కాపాడుతున్నాం" అని చెప్పిందే చెప్పాడు. వినేవాళ్ళు, ధ్రువానికి దగ్గరి ఆ ప్రాంతపు అలవాటుగా, కాఫీలో చీజు ముక్కలు వేసుకుని, అవి మెత్తబడేదాకా చెంచాతో తిప్పుతూ తలలూపారు. వీళ్ళందరూ కలిసి నది రక్షణ సంఘం. కాపాడటమంటే తల ఊపడమని వీళ్ళకెవరో చెప్పినట్టుంది.

సమ్మొల్ దూరంగా, బోర్లించిన పడవ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. అతనూ సంఘంలో సభ్యుడే. హెయ్కా అతని భార్య రిస్తెన్‌కు అన్న. రిస్తెన్ పోయింది. ఆమె పోయాక ఆ ఇద్దరి మధ్య చుట్టరికం మిగిలింది గానీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇనుప దడి. గూని చేపల కోసం కట్టింది. అవి ఈ ఏటివి కావు. ఎక్కడో తూర్పు సముద్రంలో ఎవరో పెంచి వదిలితే తిరిగి తిరిగి ఇక్కడికొచ్చాయి. ఏడాది విడిచి ఏడాది వేసవిలో మందలు మందలుగా ఎక్కొస్తాయి, గుడ్లు పెడతాయి, ఎక్కడివక్కడ చచ్చి కుళ్ళుతాయి. ఏటి సొంత చేప సాల్మన్. అది ఏటికేడు తగ్గిపోతూ వచ్చింది. చివరికి రాజధానివాళ్ళు వల వెయ్యడమే మానెయ్యమన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వల తప్ప తెలియని మనుషులు వేసవంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. అలాంటప్పుడు దొరికాయి గూని చేపలు. పట్టడానికి చేప లేకపోయినా తిట్టడానికి ఒక చేప దొరికింది. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు కూడా వాటిని తిట్టడానికి ఒక చోట చేరారు. అదే సంఘం.

దడి మధ్యలో ఒక బోను. పైకి ఈదే చేప దడి వెంబడి దారి వెతుక్కుంటూ వచ్చి బోనులో దూరాలి. అందులో నిలబడ్డ మనిషి గూని చేపనైతే తల మీద కొట్టి చంపాలి, సాల్మన్‌నైతే చేతివలతో ఎత్తి దడికి పైన వదలాలి. కాగితం మీద చక్కగా ఉంది. గూని చేపలు బుద్ధిగా వచ్చి దూరాయి. సాల్మన్ దూరలేదు. దానికి అనుమానం ఎక్కువ. ఇనుము మోత వినగానే వెనక్కి తగ్గింది. ఇప్పుడవి దడి కింది మడుగులో ఒకదాని పక్కన ఒకటి దుంగల్లా పడి ఉన్నాయి. వానల్లేక నీళ్ళు తగ్గాయి, వెచ్చబడ్డాయి. కొన్నింటి వీపుల మీద తెల్లటి బూజు పట్టింది.

ఆ మడుగులో సుయ్నా వాగు చేపలూ ఉన్నాయి. సమ్మొల్ ఇల్లు ఎగువన, ఆ వాగు ఒడ్డున. రిస్తెన్ పుట్టిందక్కడే. హెయ్కా పుట్టిందీ అక్కడే గానీ, అతను ఎప్పుడో రోడ్డుకూ దుకాణానికీ దగ్గరగా దిగువకు చేరిపోయాడు. ఏ వాగు చేప ఆ వాగుదే. సుయ్నా వాగు చేప పొట్టిది, మెడ లావు. అది వేరే వాగుకు పోదు, వేరే చేప ఇక్కడికి రాదు. పోయిన రెండు మూడు వేసవుల్లో వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ వేసవి కూడా రాకపోతే ఆ వాగులో ఇక ఆ చేప పుట్టదు.

శరత్కాలంలో ఆడ చేపలు తోకలతో గులకరాళ్ళు తవ్వుతుంటే ఆ చప్పుడు మంచం దాకా వినిపించేది. "వచ్చారు," అనేది రిస్తెన్, చుట్టాల గురించి చెప్పినట్టు. ఈ సంగతి సమ్మొల్ ఎవరికీ చెప్పలేదు. చెబితే హెయ్కా దాన్ని తన ఉపన్యాసంలో వాడుకుంటాడు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు హెయ్కా, ఎవరూ మాట్లాడరన్న ధీమాతో.

"బావా, ఇవాళ శనివారం," అన్నాడు సమ్మొల్.

"అవును. రేపు ఆదివారం. క్యాలెండరు చూడ్డం వచ్చిందే నీకు."

జనం నవ్వారు.

"శనివారం సాయంత్రం దడి తెరవాలి."

నవ్వు ఆగింది. అది వాళ్ళందరికీ తెలిసిందే. కర్ర దడులు కట్టి వలలు వేసే రోజుల్లో, శనివారం ప్రార్థన గంట కొట్టేలోగా ఏ ఇంటి దడి ఆ ఇంటివాళ్ళు తెరిచేవాళ్ళు. సోమవారం పొద్దున దాకా మూసేవాళ్ళు కాదు. ఆదివారం ఎవరూ పనిచెయ్యకూడదు కాబట్టి దడీ చెయ్యకూడదు. పైగా ఎగువవాళ్ళకూ చేప అందాలి.

"అది చేపలు పట్టే దడి కదయ్యా," అన్నాడు హెయ్కా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "మనం పడుతున్నామా? కాపాడుతున్నాం. కాపాడేదాన్ని తెరవడమేంటి?"

"పట్టుకు తిన్నవాళ్ళు వారానికో రోజు వదిలారు. మీరు ఒక్కరోజు కూడా వదల్లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే కాపాడండి, బూజు కూడా మిగలదు."

గాద్యా ముసలమ్మ అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుని అతని వైపు తిరిగింది. దిగువ ఊళ్ళో ఆమెకు జవాబు చెప్పేవాళ్ళు తక్కువ.

"ఒరేయ్ సమ్మొల్, ఆ ఇనుప ఊతలు దింపేటప్పుడు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డవాడివి నువ్వే కదరా? అప్పుడు గుర్తురాలేదా శనివారం?"

"రాలేదత్తా."

"అయితే నోరు మూసుకో."

"నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. మీకు గుర్తుచేసినా రావడం లేదు."

తూరున్ లేచి నిలబడింది. చేపల మీద చదువుకుని దక్షిణాది నుంచి వచ్చిన పిల్ల. "ఆయన చెప్పింది నిజం. నేను మడుగులోకి కెమెరా దించి చూశాను. దడి తెరవాలి."

"అయితే తెరువమ్మా," అన్నాడు సమ్మొల్.

"నాకు అధికారం లేదండీ. రాజధానికి రాశాను. జవాబు రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"వాళ్ళు వేసవి సెలవుల్లో ఉన్నారు."

"సరే. కాస్త ఓపిక పట్టమని చేపలకు కూడా ఓ ముక్క రాయి."

తూరున్ ఎర్రబడి కూర్చుంది.

హెయ్కా పెట్టె దిగి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "సోమవారం మంత్రి వస్తున్నాడు, టీవీవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు తెరిస్తే గూని చేపలన్నీ పైకి పోతాయి. ఆయనకేం చూపించమంటావు, ఖాళీ బోనా?"

"నీ బుర్ర చూపించు. తేడా కనిపెట్టలేడు."

చేతులెత్తమన్నారు. తెరవొద్దని సమ్మొల్ తప్ప అందరూ ఎత్తారు. గాద్యా రెండు సూదులూ ఎత్తింది. తూరున్‌కు ఓటు లేదు.

కాఫీ అయిపోయింది. జనం ప్రార్థన మందిరానికి బట్టలు మార్చుకోవడానికి బయల్దేరారు. శనివారం గంట కొట్టగానే వీళ్ళకు ఆదివారం మొదలు, ఆదివారమంటే ఆదివారమే. కట్టె కొట్టరు, గడ్డి కొయ్యరు. బోనులో చేపల్ని ఏరడం కూడా పనేనని మొదటి వారమే తేల్చుకున్నారు. లోపల పడ్డది సాల్మనైనా సరే, సోమవారం దాకా గూని చేపల మధ్య కొట్టుకుంటూ ఉండాల్సిందే. చేప పైకి పోకుండా ఆపితే పాపం కాదు, ఎత్తి వదిలితే పాపం. మందిరంలో వాక్యం చదివేది హెయ్కాయే. ఈ తీర్పూ అతనిదే.

సమ్మొల్ నడుం దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని ఏట్లో దిగాడు. గట్టు మీద మనుషులున్నారు, సూర్యుడున్నాడు, దాపరికమేం లేదు. బోను పక్కన ఇనుప చట్రం ఒకటుంది, తలుపంత వెడల్పు. దాని కొక్కేలు ఊడదీసి, ఒక అంచు ఎత్తాడు. మిగతాది ప్రవాహమే చేసింది. చట్రం పక్కకు తిరిగి, రాళ్ళకు తగిలి, ఏటి అడుగున పడుకుంది. దాని పక్కదాన్నీ అలాగే తీశాడు.

హెయ్కా కోటు గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావ్ నువ్వు? ఆపండయ్యా వాణ్ణి, చూస్తారేంటి!"

అప్పుడు గంట కొట్టడం మొదలైంది.

నీళ్ళలో అడుగు పెట్టబోయిన ఇద్దరు మగాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఒకడు నీళ్ళలో ఉన్న కాలును వెనక్కి తీసుకున్నాడు, పాపం తడిసినంత మేరకే ఉంటుందన్నట్టు.

"గంట కొట్టకముందే నా పని అయిపోయింది బావా," అన్నాడు సమ్మొల్ గట్టెక్కుతూ. "మూసేపని మీది. మొదలుపెట్టండి. దేవుడు చూస్తాడు."

"తెరిచిపోయినదాన్ని మూస్తే అది పనేనంటారా?" ఆ తడికాలువాడు హెయ్కాను అడిగాడు.

హెయ్కా నోరు తెరిచాడు. వాక్యం చదివే నోరు అది.

అది పలికేలోగా గాద్యా చెప్పింది. "పనే. మీ తాత పడవ కొట్టుకుపోతుంటే కూడా ఆదివారం కాబట్టి చూస్తూ నిలబడ్డాడు. నువ్వు ఇనుము ఎత్తుతావా?"

అందరూ మందిరానికి వెళ్ళిపోయారు. సమ్మొల్ వెళ్ళలేదు. పడవ మీద కూర్చున్నాడు.

ముందు గూని చేపలే పోయాయి. బోను పక్కన తిరుగుతున్నవి ఖాళీ కనిపెట్టి, ఒకదాని తోక మరొకటి పట్టుకున్నట్టు వరసగా పోయాయి. రాత్రన్నది లేని ఆ వెలుతురులో వాటి గూనులు నీళ్ళ పైకి తేలి కనిపిస్తూనే ఉన్నాయి. సాల్మన్ కదల్లేదు. ఆదివారం ప్రార్థన ముగిశాక హెయ్కా వచ్చాడు. ఆ రోజు వాక్యం అవిధేయత గురించి.

"చూశావా నీ చుట్టాల్ని? నేరుగా సుయ్నా వాగుకే పోతాయి. మా చెల్లెలి వాగును కుళ్ళబెట్టడానికి నువ్వే తలుపు తీశావు."

సమ్మొల్ మడుగుకేసి చూశాడు. హెయ్కా చెప్పింది తప్పైతే తిట్టి పంపించేవాడు. తప్పు కాదు. మడుగులో దుంగల్లా పడున్నవి అలాగే ఉండిపోతే, అతను చేసింది గూని చేపలకు చాకిరీ.

"పోనీ అవన్నా పోతున్నాయి," అన్నాడు చివరికి. "నీ వాక్యానికి మందిరంలో అందరూ నిద్రపోయుంటారు."

హెయ్కా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తూరున్ వచ్చి గట్టు మీద బోర్లా పడుకుని, కెమెరా తీగ మడుగులోకి వదిలింది. ఆమెకు ఆదివారం పాపం లేదు.

సాయంత్రం పడమట మబ్బు లేచింది. ఏరు నల్లబడింది. సన్నగా వాన మొదలైంది, తర్వాత ఆగకుండా పడింది.

"ఒకటి కదిలింది," అంది తూరున్.

"ఏది?"

"పెద్దది. దడి దాకా వచ్చి వెనక్కెళ్ళింది. మళ్ళీ వస్తోంది. సమ్మొల్ గారూ, అది పైకి వెళ్ళిపోయింది. ఇంకోటి. ఇది పొట్టిగా ఉంది, మెడ లావు."

సమ్మొల్ లేచి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న తెర మీద వాన చుక్కలు అరచేత్తో తుడిచాడు. చేపలు ఒక్కొక్కటే, తొందర లేకుండా, ఖాళీలోంచి పైకి పోతున్నాయి. అవి పోతున్నంతసేపూ అతను అక్కణ్ణుంచి లేవలేదు.

"రాజధానికి ఏం రాస్తావు?" అన్నాడు.

"చూసింది రాస్తాను."

"సెలవులు అయ్యాక రాయి. పాపం, వాళ్ళ విశ్రాంతి చెడుతుంది."

సోమవారం కాఫీ కూడా తాగకుండా మగాళ్ళందరూ దిగి చట్రాలు నిలబెట్టారు. మంత్రి వచ్చాడు. బోనులో గూని చేపలు మూడో నాలుగో ఉన్నాయి, వాటిలో ఒకటి చచ్చింది. హెయ్కా టీవీవాళ్ళ ముందు నిలబడి, రెప్పవెయ్యకుండా, "చూడండి, బోను దాదాపు ఖాళీ. మా దడి పనితనం అది. గూని చేపలు రావడమే మానేశాయి," అన్నాడు.

మంత్రి చప్పట్లు కొట్టాడు. దడి ఎటు నుంచి ఎటు ఉందో కూడా ఆయనకు తెలిసినట్టు లేదు. "మరి సాల్మన్‌కు ఇబ్బంది లేదా?" అని అడిగాడు.

హెయ్కా ఒక్క క్షణం సమ్మొల్ వైపు చూశాడు. "లేదండీ. శనివారం సాయంత్రం మేమే తెరుస్తాం. మా తాతల నాటి ఆచారం. దాన్ని మేం తప్పం."

సంఘమంతా తల ఊపింది.

కార్లు వెళ్ళిపోయాక సమ్మొల్ తన పడవ తాడు విప్పుతుంటే హెయ్కా వచ్చాడు. "నిన్ను సంఘంలోంచి తీసేశాం. నిన్న ప్రార్థన తర్వాత."

"ఆదివారం సమావేశం పెట్టుకుంటే పని కాదా?"

"నిన్ను తీసెయ్యడం పని కిందికి రాదు. ఆనందం కిందికొస్తుంది."

సమ్మొల్ దాదాపు నవ్వాడు. "టీవీలో చెప్పేశావు బావా. ఇక ప్రతి శనివారం తెరవాలి నువ్వు."

"తెరుస్తాంలే. ఆ ఆలోచన నాదే కదా."

"నీదే. నీకు వేరే ఆలోచనలు లేవు కాబట్టి దీన్ని జాగ్రత్తగా పెట్టుకో."

వాన నీటికి ఏరు నిండుగా ఉంది. పడవ ఎదురెక్కి సుయ్నా వాగు మూతికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంజను ఆపి చూశాడు. లోతులేని చోట ఒక పొట్టి చేప వీపు నీళ్ళ పైకి తేలింది, దాని వెనక మరొకటి, ఇంకా వెనక ఇంకొన్ని. వాటి పక్కనే, వాటిని ఒరుసుకుంటూ, గూని చేపలు.

ఎవరు తెరిచారు దడి? తనే. అయితే ఇదీ తనదే. మంచు పడేదాకా రోజూ ఇదే పని.

దుడ్డుకర్ర తీసుకుని నీళ్ళలో దిగాడు. తెల్లటి బూజు మచ్చ ఉన్న ఒక ఆడ సాల్మన్ అతని మోకాలిని రాసుకుంటూ, దారి తనదే అన్నట్టు నిదానంగా పోతోంది.

"ఇన్నాళ్ళూ ఆ మడుగులో ఏం వెలగబెట్టావే?" అని దాన్ని తిట్టాడు. "జరుగు. అడ్డం తప్పుకో."

అది జరిగాక, దాని వెనక వస్తున్న గూని చేప తల మీద కొట్టాడు.