ఒక్కటే పుట్టిందన్నాడు

రెండో బకెట్టు నీళ్లు పోసి, గడ్డిచుట్టతో ఎర్రపెయ్య వీపు రుద్దుతున్నాడు మంత్రసాని. మెడ పలుపుకు చుట్టిన నీలం గుడ్డ తడవకుండా పక్కకు జరిపాడు. ఆ డెయిరీ ఫారంలో ముప్పయ్యేళ్లుగా ఈనే ఆవులకు అతని చేతులే దిక్కు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పొట్టి మనిషి, మోచేతులదాకా గీతలు. ఎప్పుడూ పేడ పట్టి ఉండే గోళ్లు ఇవాళ శుభ్రంగా తోముకుని వచ్చాడు. పశువుల డాక్టరు వస్తున్నాడు. ఈ రోజుకోసం అతను మూడేళ్లుగా కాచుకున్నాడు.

మేనేజరుమీద అతనికి కక్ష. దాన్ని దాచుకున్నాడే గాని, తగ్గించుకోవాలని ఎన్నడూ అనుకోలేదు. పిల్లల్లేని అతని భార్య ఒకరోజు అన్నం క్యారేజీ తెచ్చి, అప్పుడే పుట్టిన దూడ తల నిమరబోయింది.

"గొడ్రాలి చెయ్యి దూడమీద పడనివ్వకయ్యా" అన్నాడు మేనేజరు, పదిమందిలో.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఆ కొట్టం గడప తొక్కలేదు. పోయేముందు జ్వరంలో కూడా ఆ మాటే తలుచుకుంది.

ఆవిడ పోయిన ఏడాదే, అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే ఆవు కవలల్ని ఈనింది. ముందు కోడెదూడ, చచ్చి పుట్టింది. వెనక ఈ పెయ్య. కోడెతో ఒకే కడుపులో పెరిగిన పెయ్య నూటికి తొంభైపాళ్లు చూడి కట్టదని దూడల్ని లాగేవాళ్లకు తెలుసు, కుర్చీలో కూర్చునేవాళ్లకు తెలియదు. కోడెను పేడగుంట వెనక పాతేసి, చేతులు కడుక్కుని, ఒక్కటే పుట్టిందన్నాడు. ఆ తల్లికి పుట్టిన పెయ్య తనకే కావాలని మేనేజరు యజమానిని బతిమాలి సొంతం చేసుకున్నాడు. దాని కడుపున పుట్టినవాటితో మంద కడతానని కనిపించినవాడికల్లా గొప్పలు కొట్టాడు. మంచి దాణా అంతా దానికే. మంత్రసాని తలూపుతూ మేపాడు.

డాక్టరు చేతికి పొడుగు తొడుగు వేసుకుని లోపల తడిమాడు. నాలుగుసార్లు ఎద సూది వేయించినా చూడి ఎందుకు నిలవలేదో తేలిపోయింది. గర్భసంచి ఎదగనేలేదట. దీనితో కవలగా కోడె పుట్టిందా అని అడిగాడు. లేదని మేనేజరు అంటుండగానే మంత్రసాని నోరు విప్పాడు.

"పుట్టింది సార్. నేనే పాతిపెట్టా."

మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"గొడ్రాలి మొగుణ్ణి కదా సార్. దూడల సంగతి నేను మాట్లాడకూడదనుకున్నా."

ఆ మాట అన్నాక అతనికి కడుపు నిండినట్టయింది. డాక్టరు తల దించుకుని తొడుగు విప్పుకుంటున్నాడు. మేనేజరు పెయ్యకేసి చూశాడు.

"ఇదీ గొడ్రాలేనన్నమాట. కబేళా బండిని పిలిపిస్తా. ఎక్కించేసి నువ్వూ ఇంటికి పో, రేపట్నించి రాకు."

గొడ్డుపోయినవాటిని బండెక్కించడం అతనికి కొత్త కాదు. ఇదీ ఎక్కుతుందని మొదటిరోజే తెలుసు. తెలిసే మేపాడు. అయినా అదే నోటినుంచి అదే మాట దానిమీద పడేసరికి, అతని చెయ్యి పెయ్య తలమీదికి పోయింది.

మధ్యాహ్నానికే బండి వచ్చింది. ముగ్గురు లాగినా పెయ్య కదల్లేదు. అతను ముందు నడిస్తే వెనకే చెక్కమీదుగా ఎక్కింది, ఎక్కి అతని చెయ్యి నాకింది. బండివాళ్లు తమ తాడు కట్టి పాత పలుపు విప్పి పడేశారు.

ఆ పలుపును ఖాళీ కట్టుకొయ్యకు తగిలించి మంత్రసాని వెళ్లిపోయాడు. దూడప్పుడు మెడ ఒరుసుకోకుండా అతను చుట్టిన నీలం గుడ్డ దానికి అలాగే ఉంది. ఆవిడ శాలువా ముక్క, నిండా ఎర్రటి వెంట్రుకలు అంటుకుని.